ప్లస్ పవర్‌కి లేజర్ చేయించుకున్నాను. చార్టులో 6/6 వస్తోంది, రాత్రయితే లైట్లకు తోకలు

అలిపిరి_మెట్లు
తిరుపతిలో ఉంటాను, వయసు 31. కుడి కంటికి +3.75, ఎడమ కంటికి +3.25 ఉండేది. బడికి వెళ్ళే రోజుల నుంచీ లావు అద్దాలే. ఎండాకాలంలో లాసిక్ చేయించుకున్నాను, నాలుగు నెలలు దాటింది. చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ చార్టు చదివిస్తారు. కింది లైను దాకా చదివేస్తాను, "6/6, చాలా బాగుంది" అని పంపించేస్తారు. పగలు బాగానే ఉంది, కాదనను. చీకటి పడ్డాకే ఇబ్బంది. లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడితే ఎదురొచ్చే ప్రతి హెడ్‌లైటుకీ కింది వైపు ఒక తోక. షాపుల బోర్డులు చదవగలను, కానీ ప్రతి అక్షరం పక్కనా అదే అక్షరం పలచగా ఇంకొకటి. మొన్న గోవిందరాజస్వామి గోపురం లైటింగ్ చూస్తే బల్బులు విడివిడిగా కనబడలేదు, అంతా ఒకటే వెలుగు ముద్ద. కుడి కన్ను మూసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

అడిగితే "అలవాటైపోతుంది" అంటున్నారు. 6/6 వస్తున్నప్పుడు లోపం ఎక్కడుంది? మైనస్ వాళ్ళ అనుభవాలు నెట్‌లో బోలెడు. ప్లస్ వాళ్ళవి దొరకడం లేదు. చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

భాకరాపేట_బండి
నాకు మైనస్‌కి చేశారు, మొదటి రెండు మూడు నెలలు లైట్ల చుట్టూ గుండ్రంగా వలయాలు కనిపించేవి. తర్వాత తగ్గాయి. నువ్వు చెప్పే తోక వేరేగా ఉంది అక్కా. రాత్రి పూట బండి నడుపుతావా?

అలిపిరి_మెట్లు
స్కూటీ. ఇప్పుడు ఏడు తర్వాత తీయడం మానేశాను. తిరుమల ఘాట్ అయితే ఎక్కడానికో రోడ్డు, దిగడానికో రోడ్డు కాబట్టి ఎదురు లైట్లు ఉండవు, ముందు బండి ఎర్ర లైటు ఒక్కటే. ఊళ్ళోనే కష్టం.

భాకరాపేట_బండి
మా భాకరాపేట ఘాట్‌లో రెండు వైపులా బండ్లే. మలుపు తిరగ్గానే లారీ లైటు కళ్ళలో పడుతుంది. ఆ చూపుతో అటువైపు మాత్రం రావద్దు.

చిత్తూరు_కళ్ళజోడు
6/6 వచ్చాక ఇంకేం కావాలి? మెదడు సర్దుకోవాలి, దానికి టైమివ్వాలి. ఆపరేషన్ తర్వాత రోజూ లైట్ల వైపు చూసి పరీక్ష పెట్టుకునేవాళ్ళకే ఈ టెన్షన్లన్నీ. ఇలాంటివి చదివి చేయించుకోవాల్సినవాళ్ళు కూడా భయపడతారు.

పదేళ్ళ_ప్లస్
నాది +2, రెండు కళ్ళూ. చేయించుకుని ఐదేళ్ళ పైనే అయింది. రాత్రి డ్రైవింగ్ హాయిగా చేస్తాను. భయపడాల్సినదేం లేదని చెప్పడానికే రాస్తున్నాను. కాకపోతే మొదట్లో దగ్గరిది బాగా కనబడి దూరం మసకగా ఉండేది, దాదాపు రెండు నెలలు. కావాలనే కొంచెం ఎక్కువ చేస్తామని, తర్వాత వెనక్కి జారి సరిపోతుందని ముందే చెప్పారు.

ఆప్టోమ్_రేణిగుంట
ఆప్టోమెట్రిస్ట్‌ని, రోజూ పవర్లు చూసే పనే. అలిపిరి మేడమ్ అడిగింది సరైన ప్రశ్న. చిత్తూరు అన్నతో సగం వరకే ఒప్పుకుంటాను.

చార్టు అంటే ఏమిటి? బాగా వెలుగున్న తెల్లటి పలక మీద చిక్కటి నల్లటి అక్షరం. ఎంత చిన్న అక్షరం గుర్తుపట్టగలరన్నదే అది కొలుస్తుంది. అక్షరానికి నీడ ఉన్నా, అంచు చెదిరినా "ఇది ఇ, ఇది ఎఫ్" అని చెప్పేస్తే మార్కు పడిపోతుంది. నీడ ఎంత ఉందో ఆ కాగితం మీదకు ఎక్కదు. దానికి వేరే పరీక్షలున్నాయి. పెల్లీ-రాబ్సన్ అని ఒక చార్టు ఉంది, 1988 నుంచి వాడకంలో ఉంది. అందులో అక్షరాలన్నీ ఒకే సైజు, మూడేసి ఒక గుంపు, కిందికి వెళ్ళే కొద్దీ రంగు పలచబడుతూ పోతుంది. నలుపు, బూడిద, లేత బూడిద, చివరికి కాగితంలో కలిసిపోతుంది. చూపు నాణ్యత ఎలా ఉందో అక్కడ బయటపడుతుంది. 6/6 వచ్చినవాళ్ళు ఇందులో మధ్యలోనే ఆగిపోవడం నేను చూశాను.

మేడమ్, ఇంట్లోనే ఒక పని చెయ్యండి. చీకటి గదిలో దూరంగా ఒక చిన్న తెల్ల లైటు పెట్టి, ఒక్కో కన్నుతో విడిగా చూసి, కనబడిన ఆకారాన్ని కాగితం మీద గీయండి. తర్వాత అట్ట ముక్కకి సూదితో చిన్న రంధ్రం పొడిచి అందులోంచి చూడండి. తోక పోతే లోపం కంటి ముందు భాగంలోని వంపులో ఉన్నట్టు, రెటీనా సంగతి కాదు. రెప్పలు కొట్టిన వెంటనే ఒక్క క్షణం బాగై మళ్ళీ చెదిరితే కంటినీళ్ళ పొర సంగతి. వెలుతురు మొదట తాకేది ఆ పొరనే. లాసిక్‌లో కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) మీద ఫ్లాప్, అంటే మూతలా లేచే పలచటి పొర, కోసినప్పుడు దాని నరాలు తెగుతాయి, అందుకే కొన్ని నెలలపాటు పొడిబారుతుంది.

చిత్తూరు_కళ్ళజోడు
మెదడు సర్దుకోవడం అబద్ధమా మరి?

ఆప్టోమ్_రేణిగుంట
అబద్ధం కాదన్నా. కొంత సర్దుకుంటుంది. కానీ కుడి కన్ను మూస్తే తగ్గుతోందని ఆమే చెప్తున్నారు. ఒక కంటిలోనే ఉన్నప్పుడు కారణం వెతకాలి, అలవాటు చేసుకోమని పంపించకూడదు.

మోడరేటర్
ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయొద్దు. పేర్లున్న రెండు పోస్టులు తీసేశాం. అనుభవాలు రాయండి, అంతే.

ఫిజిక్స్_మాస్టారు
ప్లస్ వాళ్ళ లేజర్ మైనస్ వాళ్ళ లేజర్‌కి తలకిందులు అని చాలామందికి తెలియదు. రెండింటికీ మిషన్ ఒకటే, అదే 193 నానోమీటర్ల ఎక్సైమర్ కిరణం. మైనస్‌లో కార్నియా మధ్యలో చెక్కి చదును చేస్తారు. ప్లస్‌లో మధ్య భాగం నిటారుగా లేవాలి. అయితే లేజర్ తీసేయగలదు తప్ప కొత్తగా కలపలేదు. అందుకని మధ్యను వదిలేసి చుట్టూ వలయంగా చెక్కుతారు. మామిడి చెట్టు చుట్టూ పాదు తీస్తే మొదలు దగ్గర మట్టి మిట్టగా మిగులుతుంది కదా, అదే పద్ధతి. మిట్ట వెడల్పు ఆరు, ఆరున్నర మిల్లీమీటర్లు అనుకుంటే, పాదు బయటి అంచు తొమ్మిది మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. కార్నియా మొత్తం అడ్డంగా పన్నెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు.

పగలు కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది. కిరణాలు మిట్ట మీదుగానే లోపలికి వెళ్తాయి, అంతా స్పష్టం. రాత్రి పాప ఐదు ఆరు మిల్లీమీటర్లు తెరుచుకుంటే మిట్ట అంచులు, పాదు వాలు కూడా పనిలోకి వస్తాయి. మధ్యలోంచి వచ్చిన కిరణం ఒకచోట, అంచులోంచి వచ్చింది ఇంకొంచెం వెనకాల కలుస్తాయి. దీన్ని గోళీయ విపథనం అని డిగ్రీలో చెప్తాం. మామూలు కార్నియాలో ఇది ధనాత్మకంగా, అంటే అంచు కిరణం ముందే కలిసేలా ఉంటుంది. మైనస్ లాసిక్ దాన్ని ఇంకా పెంచుతుంది, ప్లస్ లాసిక్ రుణాత్మకం వైపు లాగుతుంది. కళ్ళజోడులో పవర్ పెట్టుకుంటే పోయే లోపం కాదు ఇది.

ఇక తోక విషయం. అది వేరే లోపం, దాని పేరు కోమా. తోకచుక్కకి ఆంగ్లంలో ఉన్న పేరూ దీనిదీ ఒకే కుటుంబం. చెక్కిన వలయం మధ్యబిందువు, మనం చూసే అక్షం ఒకదాని మీద ఒకటి పడకపోతే వస్తుంది.

తోతాపురి_మండీ
మాస్టారూ, మాది చిత్తూరు మామిడి మండీ. పాదు లెక్క చెప్పారు, ఇప్పుడర్థమైంది. ఇన్నేళ్ళుగా డాక్టర్లు చెప్తుంటే తల ఊపడమే తప్ప ఒక్క ముక్క ఎక్కలేదు. వానొస్తే పాదు పూడిపోతుంది కదా, కంట్లో పూడిపోదా?

ఫిజిక్స్_మాస్టారు
పూడుతుంది. మంచి ప్రశ్న వేశారు. కార్నియా పైన పలచటి కణాల పొర ఉంటుంది. అది పల్లం ఉన్నచోట మందమవుతుంది, మిట్ట ఉన్నచోట పలచబడుతుంది. అంటే చెక్కిన ఆకారాన్ని కొంత చదును చేసేస్తుంది. ప్లస్ పవర్ కొంత వెనక్కి రావడానికి అదొక ముఖ్య కారణం. పవర్ ఎక్కువైన కొద్దీ ఎక్కువ.

తోతాపురి_మండీ
నాకు వచ్చింది. +2.50కి చేశారు, ఇప్పుడు 47 ఏళ్ళు. తూకం చీటీ చదవాలంటే మళ్ళీ అద్దాలు కావాలి.

ఆప్టోమ్_రేణిగుంట
మండీ అన్నా, మీది రెండూ కలిసి ఉండొచ్చు. 40 దాటాక చత్వారం అందరికీ వస్తుంది, లేజర్ దాన్ని ఆపదు. దాగి ఉన్న ప్లస్ కూడా ఆ వయసులోనే బయటికొస్తుంది. చిన్న వయసులో కంటి కండరం బిగబట్టి కొంత ప్లస్‌ని కప్పేస్తుంది. అందుకే ఆపరేషన్‌కి ముందు చుక్కలు వేసి, కండరాన్ని వదులు చేసి పవర్ చూడాలి. చుక్కలు లేకుండా చూసిన పవర్‌తో చేస్తే కప్పిపెట్టిన భాగం అలాగే మిగిలిపోతుంది.

మాస్టారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ప్లస్ కళ్ళు పొట్టిగా ఉంటాయి. వాళ్ళలో చూపు అక్షం కంటిపాప మధ్యలోంచి కాకుండా ముక్కు వైపు కాస్త జరిగి వెళ్తుంది. మైనస్ వాళ్ళలో ఈ తేడా తక్కువ. లేజర్‌ని పాప మధ్యకి గురిపెడితే ప్లస్ కంటిలో గురి తప్పినట్టే. చాలామంది సర్జన్లు ఇప్పుడు కార్నియా మీద పడే లైటు మెరుపును చూసి గురి పెడతారు. కుడి కంటికి ఏం చేశారో టోపోగ్రఫీ మ్యాపులో, అంటే కార్నియా వంపును రంగుల్లో చూపించే పటంలో, తెలిసిపోతుంది. మధ్య ఎరుపు మచ్చ, అంటే మాస్టారు చెప్పిన మిట్ట, ఎటు జరిగిందో చూడండి.

పుత్తూరు_అమ్మ
మా బాబుకి ఆరేళ్ళు, +5. అద్దాలు పెట్టుకోనని గొడవ. పెద్దయ్యాక లేజర్ చేయించేస్తే సరిపోతుంది కదా, ఇప్పుడు బలవంతం దేనికని మా అత్తగారు అంటున్నారు.

ఆప్టోమ్_రేణిగుంట
అమ్మా, ఇది లేజర్‌తో ముడిపెట్టే విషయం కాదు. ఈ వయసులో అద్దాలు మానేస్తే కన్ను సోమరి కన్నుగా మారొచ్చు. మెదడు ఆ కంటితో చూడటం నేర్చుకోదు, తర్వాత ఏ లేజరూ దాన్ని తీసుకురాలేదు. మెల్ల కూడా రావచ్చు. లేజర్ అనేది 18 దాటి పవర్ నిలకడగా ఉన్నాక ఆలోచించే మాట. అద్దాలు నిద్రలేచింది మొదలు పడుకునేదాకా ఉండాలి. మీ అత్తగారికి ఈ పోస్టు చూపించండి.

పుత్తూరు_అమ్మ
చూపించాను. రేపటి నుంచి ఆమే పెడతానంటున్నారు.

కలంకారి_కాళహస్తి
చిత్తూరు అన్న "6/6 చాలు" అన్నాడు కాబట్టి రాస్తున్నాను. మాది శ్రీకాళహస్తి, కలంతో గీసే పని. నాకు +2.75 ఉండేది, లేజర్ అయ్యాక 6/6 వచ్చింది. నల్ల గీతతో ఇబ్బందే లేదు. కరక్కాయ, పాలలో తడిపిన బట్ట లేత పసుపుగా ఉంటుంది, దాని మీద కసిమి నలుపు చక్కగా కనబడుతుంది. కష్టమంతా పటిక దగ్గర. ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక నీళ్ళు పూస్తాం. అప్పటికి ఎరుపు ఉండదు, మంజిష్ఠతో ఉడికించాకే రంగు తేలుతుంది. పూసేటప్పుడు కనబడేది తడి ఒక్కటే. ఎక్కడిదాకా పూశానో ఆ తడి అంచును బట్టే తెలియాలి. పొద్దున పూట కనబడేది, సాయంత్రం దీపం వెలుతురులో అంచు బట్టలో కలిసిపోయేది. గీత దాటితే ఉడికించాక ఎరుపు బయటికొచ్చి బొమ్మ పాడు. దీన్ని ఏ చార్టు చెప్తుంది?

ఆప్టోమ్ గారు చెప్పిన పలచబడే అక్షరాల పరీక్ష నాకు చేశారు. మామూలుకన్నా తగ్గిందని అప్పుడు తేలింది. కంటినీళ్ళు త్వరగా ఆరిపోతున్నాయని ప్రిజర్వేటివ్ లేని చుక్కలు రాశారు. చాలావరకు కుదుటపడింది. పని బల్ల మీద గట్టి లైటు కూడా పెట్టుకున్నాను. వెలుతురు ఎక్కువుంటే పాప ముడుచుకుంటుంది, అంచులోంచి వచ్చే కిరణాలు ఆగిపోతాయి. చదువుకునేవాళ్ళకీ ఇది పనికొస్తుంది.

చిత్తూరు_కళ్ళజోడు
తడి అంచు చూసే పని నేనెప్పుడూ చెయ్యలేదన్నా, ఆ మాట నిజమే. అయినా నా మాట మీద నేనున్నాను. పది మందిలో ఎక్కువమందికి బాగానే ఉంటుంది, వాళ్ళు వచ్చి రాయరు. పదేళ్ళ ప్లస్ ఒక్కరే రాశారు ఇక్కడ.

కలంకారి_కాళహస్తి
నేనూ ఆపరేషన్ తప్పనలేదు. మళ్ళీ అడిగినా చేయించుకుంటాను. ఆ పరీక్ష ముందే, ఆపరేషన్‌కి ముందే చేసి కాగితం చేతికివ్వాలి అంటున్నాను. అప్పుడే ఎంత తగ్గిందో పోల్చుకోగలం.

పదేళ్ళ_ప్లస్
దీనికి మాత్రం నా ఓటు. నాకు ముందూ చేయలేదు, తర్వాతా చేయలేదు.

ఫిజిక్స్_మాస్టారు
కోమా, గోళీయ విపథనం లాంటి లోపాలను కొలిచే యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్తాను. కంట్లోకి సన్నటి కిరణం పంపి, రెటీనా మీద తగిలి వెనక్కి వచ్చే వెలుతురును చిన్న చిన్న లెన్సుల వరుస మీద పట్టుకుంటారు. కన్ను లోపం లేనిదైతే చుక్కలన్నీ గడుల మధ్యలో పడతాయి. పక్కకి జరిగితే ఎంత జరిగాయో లెక్కగట్టి కిరణ తరంగం ఎక్కడ వంగిందో చెప్తుంది. హార్ట్‌మన్-షాక్ పద్ధతి అంటారు. ఆ వంపును ముక్కలుగా విడదీసే గణితం 1934లో జెర్నికే అనే డచ్ శాస్త్రవేత్త ఇచ్చింది. ఆయనకి 1953లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది, అది వేరే పనికి, సూక్ష్మదర్శినికి. రిపోర్టు తీసుకునేటప్పుడు ఒకటి చూసుకోండి. పాప ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర కొలిచారో పక్కన రాసుంటుంది. మూడు మిల్లీమీటర్ల దగ్గర కొలిచిన అంకె చూపించి "లోపం లేదు" అంటే రాత్రి బాధకి జవాబు రాదు. ఆరు దగ్గరిది అడగండి.

పాకాల_జంక్షన్
మావంటి పెద్దవాళ్ళ సంగతి ఒకటి. నాకు 2009లో +3కి లాసిక్ చేశారు. ఇప్పుడు శుక్లం ముదిరింది. లోపల పెట్టే లెన్సు పవర్ లెక్క కట్టడానికి పాత కాగితాలు కావాలంటున్నారు. చేసిన చోట రికార్డులు లేవన్నారు. ఇప్పుడెట్లా?

ఆప్టోమ్_రేణిగుంట
పాకాల సార్, కంగారు పడొద్దు, కాగితాలు లేకపోయినా దారి ఉంది. మామూలు కెరటోమీటర్ లాసిక్ అయిన కార్నియా వంపును సరిగ్గా చెప్పదు. ప్లస్ లాసిక్ తర్వాత ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, ఆ అంకెతో లెన్సు వేస్తే కన్ను కాస్త మైనస్ వైపు పోతుంది. దాన్ని సరిదిద్దే సూత్రాలు వచ్చాయి, పాత వివరాలు అక్కర్లేనివి కూడా ఉన్నాయి. మీరు ప్లస్‌కి లాసిక్ చేయించుకున్నారని మాత్రం గట్టిగా చెప్పండి. లాసిక్ అంటే మైనసే అనుకుని లెక్క కడితే సరిదిద్దడం ఎదురు దిక్కులో పోతుంది.

ఇంకొకటి. ఇప్పుడు ఎక్కువగా వేసే ఏస్ఫెరిక్ (పూర్తి గోళాకారం కాని) లెన్సుల్లో చాలావాటికి రుణాత్మక విపథనం ఉంటుంది, మామూలు కార్నియాలోని ధనాత్మకాన్ని కొట్టేయడానికి. మీ కార్నియా ఇప్పటికే రుణాత్మకం. కాబట్టి ఏ రకం లెన్సు అని అడగండి. మీకు మామూలు గోళాకార లెన్సు గానీ, విపథనం సున్నా ఉన్నది గానీ నప్పొచ్చు. ఖరీదైనదే మంచిదని తీసుకోకండి.

పాకాల_జంక్షన్
ఈ మాట ఎవరూ చెప్పలేదు. రాసుకున్నాను.

అలిపిరి_మెట్లు
అందరి పోస్టులూ చదివి, చెప్పినట్టే లైటు బొమ్మ గీసుకుని వెళ్ళాను. ఈసారి వేరే చోట చూపించాను. బొమ్మ చూడగానే డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని "ఇది మీరే గీశారా, ఏ కన్నుతో" అని అడిగారు. రంధ్రంలోంచి చూస్తే తోక పోవడం కూడా చెప్పాను.

టోపోగ్రఫీలో ఎడమ కన్ను బాగుంది. కుడి కంటిలో మిట్ట చెవి వైపు జరిగి ఉంది. ఆరు మిల్లీమీటర్ల పాప దగ్గర కుడి కంటికి కోమా బాగా ఎక్కువ, మూడు దగ్గర దాదాపు ఏమీ లేదు. కంటినీళ్ళ పొర ఐదు సెకన్లకే చెదిరిపోతోంది, పది దాటాలట. తర్వాత కుడి కంటికి గట్టి కాంటాక్ట్ లెన్సు పెట్టి, గదిలో లైట్లార్పి, మళ్ళీ ఆ చిన్న లైటు చూడమన్నారు. తోక లేదు. చుక్క చుక్కలా కనబడింది. లెన్సుకీ కార్నియాకీ మధ్య కంటినీళ్ళు నిండి వంకరను పూడ్చేస్తాయని, అందుకే లోపం కార్నియా పైభాగంలోనిదని రుజువైందని చెప్పారు.

ఇప్పుడు చుక్కలు వాడి, కొన్ని నెలలు ఆగి, మ్యాపు నిలకడగా ఉంటే టోపోగ్రఫీ ఆధారంగా మళ్ళీ లేజర్‌తో సరిచేయొచ్చంటున్నారు. మధ్యలో చెక్కలేదు కాబట్టి మందం సరిపోతుందట. చేయించుకోవాలా వద్దా?

భాకరాపేట_బండి
ఆ గట్టి లెన్సునే రాత్రి పూట పెట్టుకుంటే పోలేదా?

అలిపిరి_మెట్లు
అద్దాలు వదిలించుకోవడానికే చేయించుకున్నాను. రాత్రికి లెన్సంటే మనసొప్పడం లేదు. పైగా కన్ను పొడిగా ఉంది.

చిత్తూరు_కళ్ళజోడు
నాలుగు నెలలకే ఇంకో లేజర్ తొందరపాటు. ప్లస్‌లో ఆకారం కుదురుకోవడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ముందు పొడిబారడం తగ్గనివ్వు చెల్లెమ్మా. అది తగ్గకుండా తీసిన మ్యాపు కూడా నమ్మలేం.

ఆప్టోమ్_రేణిగుంట
ఇందులో అన్నతో పూర్తిగా ఏకీభవిస్తాను. రెండు నెలల తేడాతో తీసిన రెండు మ్యాపులు ఒకేలా ఉండాలి. వంపు ఎంతుందో కూడా అడగండి. ప్లస్‌లో సరిచేసిన ప్రతి డయాప్టర్‌కీ (పవర్ కొలిచే యూనిట్) మధ్య వంపు దాదాపు అంతే పెరుగుతుంది. 50 డయాప్టర్లకి దగ్గరైతే చాలామంది సర్జన్లు ముందుకు వెళ్ళరు. ఈలోగా రాత్రి పాప మరీ విచ్చుకోకుండా చేసే చుక్కలు కొందరికి రాస్తారు, బ్రిమోనిడిన్ అలాంటిదే. మెడికల్ షాపులో సొంతంగా కొనకండి, డాక్టరమ్మనే అడగండి.

కలంకారి_కాళహస్తి
పలచబడే అక్షరాల పరీక్ష చేశారా అక్కా?

అలిపిరి_మెట్లు
చేశారు అన్నా. ఎడమ కన్ను కన్నా కుడి కన్ను రెండు గుంపులు ముందే ఆగిపోయింది. ఆ కాగితం ఫోటో తీసి దాచుకున్నాను. వచ్చే రెండు మ్యాపుల తర్వాత మళ్ళీ చేయించి ఇక్కడ పెడతాను.

తోతాపురి_మండీ
నేనూ వస్తాను ఆ పరీక్షకి. తిరుపతిలో ఎంత తీసుకున్నారో ప్రైవేట్ మెసేజ్‌లో చెప్పమ్మా, మోడరేటర్ గారు తీసేస్తారు ఇక్కడ రాస్తే.